స్మృతిరక్షణకు ఆహారవిహారాలు : గరికపాడు మెట్టసీమ నేపథ్యంలో ఒక పరిశీలన

1. 'చాదస్తం' అనే ముసుగు

ఇంటిలోని పెద్దలు చెప్పిన మాటనే మళ్లీ మళ్లీ చెబుతున్నప్పుడు, ఉదయం తిన్నది సాయంత్రానికి మరచినప్పుడు తెలుగువారి నోట అప్రయత్నంగా వెలువడే మాట 'చాదస్తం'. ఈ పదం 'ఛాందస' శబ్దం నుండి ఏర్పడినదిగా భావింపబడుతున్నది. ఛందస్సు అనగా వేదం. దానిని అధ్యయనం చేసినవాడు ఛాందసుడు. వేలకొలది మంత్రాలను స్వరం తప్పకుండా ధరించినవానికి చెందిన మాట కాలక్రమాన లోకజ్ఞానం చాలని మొండితనానికి, ఆ పిమ్మట ముసలితనపు మతిమరుపునకు వాచకమై నిలిచింది. అర్థాపకర్షకు ఇది చక్కని ఉదాహరణ. ధారణకు మారుపేరుగా ఉండదగిన శబ్దం ధారణాలోపానికి పేరయింది.

ఈ పరిణామం భాషాశాస్త్రానికి మాత్రమే సంబంధించినది కాదు. 'చాదస్తం' అన్నంతనే అది వయసుతో వచ్చే స్వభావమనీ, దానికి చేయగలిగినది లేదనీ ఇంటివారు నిశ్చయించుకుంటారు. ఏళ్ల తరబడి నడచిన డొంకలోనే దారి తప్పిన రైతును, వండి దింపిన కూరకు మరల పొయ్యి వెలిగించిన గృహిణిని చూచి కసరుకోవడమో నవ్వుకోవడమో జరుగుతున్నది గాని, వైద్యునికి చూపించడం అరుదు. సామాన్యమైన మరపు వేరు, వ్యాధి వేరు. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచిపోవడం మరపు. తాళంచెవి దేనికో తెలియకపోవడం వ్యాధి లక్షణం. ఈ వ్యాధినే నేటి వైద్యులు డిమెన్షియా అంటున్నారు. ప్రస్తుత వ్యాసంలో దీనికి 'స్మృతిభ్రంశం' అనే పదం వాడబడుతున్నది.

పూర్వపు కృష్ణా జిల్లా మెట్టసీమలో, జగ్గయ్యపేట మండలంలో పాలేటి ఒడ్డున ఉన్న గరికపాడు ఈ పరిశీలనకు అనువైన గ్రామం. నేడది 2022లో ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన కృషి విజ్ఞాన కేంద్రం ఇక్కడ ఉన్నది. హైదరాబాదు నుండి విజయవాడకు పోయే 65వ జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే జగ్గయ్యపేట, నందిగామలకు సాగుతుంది. మెట్ట పంటల పాత ఆహారం, కాలువ నీటితో వచ్చిన కొత్త ఆహారం, రహదారి వెంట వచ్చిన కొత్త జీవనం ఈ మూడూ ఒకేచోట కానవచ్చే సీమ ఇది. స్మృతిని కాపాడుకొనే మార్గమేదో ఇటువంటి చోటనే నిగ్గుదేలాలి.

2. శబ్దార్థ విచారం

సంస్కృత వాఙ్మయంలో స్మృతి శబ్దం పలు శాస్త్రాలలో పలు విధాల వాడబడింది. పూర్వం అనుభవించిన విషయం చిత్తం నుండి జారిపోకుండుటే స్మృతి అని యోగశాస్త్రం. ధారణతో కూడిన ధీశక్తిని మేధ అని అమరసింహుడు నిర్వచించాడు. భగవద్గీత ద్వితీయాధ్యాయంలో క్రోధం వలన సమ్మోహం, దాని వలన స్మృతిభ్రంశం, దాని వలన బుద్ధినాశం కలుగునని చెప్పబడింది. అయితే అక్కడి స్మృతిభ్రంశం నైతికమైన వివేకలోపం. మెదడునకు వచ్చిన వ్యాధి కాదు. ఈ భేదాన్ని పాటించక గీతావాక్యాన్ని వృద్ధరోగులకు అన్వయించడం వారికి అన్యాయం చేయడమే. రోగి తన తప్పు వలన స్మృతిని పోగొట్టుకొనలేదు.

ఆయుర్వేదం ఇంకొక మెట్టు ముందుకు పోయింది. ధీ, ధృతి, స్మృతి అనే మూడూ చెడినప్పుడు మనుష్యుడు చేసే అహితకర్మను చరకుడు ప్రజ్ఞాపరాధమన్నాడు. చరకసంహిత శారీరస్థాన ప్రథమాధ్యాయంలో స్మృతి కలుగుటకు ఎనిమిది కారణాలు పేర్కొనబడ్డాయి. నిమిత్తగ్రహణం, రూపగ్రహణం, సాదృశ్యం, వైపరీత్యం, మనస్సును లగ్నం చేయడం, అభ్యాసం, జ్ఞానయోగం, పునఃశ్రుతం అనేవి ఆ ఎనిమిది. వీటిలో చివరిదైన పునఃశ్రుతం, అనగా మరల వినడం, ఈ వ్యాసంలో మున్ముందు ప్రసక్తమవుతుంది.

3. వ్యాధి స్వరూపం

స్మృతిభ్రంశం ఒకే వ్యాధి కాదు. పలు వ్యాధుల వలన కలిగే ఒక స్థితి. వానిలో ప్రధానమైనది 1906లో జర్మను వైద్యుడు అలోయిస్ ఆల్జీమర్ మొదట వర్ణించిన వ్యాధి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం స్మృతిభ్రంశ రోగులలో 60 నుండి 70 శాతం మంది ఈ వ్యాధికి గురైనవారే. ఇందులో అమైలాయిడ్, టావ్ అనే మాంసకృత్తులు మెదడులో అపక్రమంగా పోగుపడతాయి. నాడీకణాలు క్రమంగా నశిస్తాయి. రెండవది మెదడు రక్తనాళాలు పూడుకొనడం వలన, చిన్న చిన్న పక్షవాతాల వలన కలిగేది. వృద్ధులలో ఈ రెండూ కలిసి ఉండడం తరచుగా కనిపిస్తుంది. మెదడు బరువు శరీరపు బరువులో సుమారు 2 శాతమే అయినా, శరీరం వినియోగించే ప్రాణవాయువులో సుమారు 20 శాతం దానికే కావాలి. కాబట్టి హృదయానికి, రక్తనాళాలకు చేటు చేసే ప్రతిదీ మెదడునకూ చేటే.

మతిమరుపు కలిగించే కారణాలలో సరిదిద్దదగినవీ కొన్ని ఉన్నాయి. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ గ్రంథి మాంద్యం, మనోవ్యాకులత, కొన్ని మందుల ప్రభావం అటువంటివి. 'చాదస్తం' అని వదిలివేసినవారిలో ఇవి ఉన్నవారుంటే, సులభసాధ్యమైన చికిత్స వారికి అందకుండా పోతున్నదన్నమాట.

2021లో ప్రపంచంలో 5 కోట్ల 70 లక్షల మంది ఈ స్థితిలో ఉన్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. భారతదేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతం, అనగా సుమారు 88 లక్షల మంది దీనితో బాధపడుతున్నట్లు 2023లో ప్రకటితమైన దేశవ్యాప్త అధ్యయనం తెలిపింది. పురుషులలో కంటె స్త్రీలలో, పట్టణాలలో కంటె పల్లెలలో ఇది అధికమని ఆ అధ్యయనమే వెల్లడించింది. పల్లెవాసులకు ఈ రోగం రాదన్న నమ్మకానికి ఇది విరుద్ధమైన సాక్ష్యం.

4. శార్ఙ్గధరుని దశకక్రమం

శార్ఙ్గధరసంహిత పూర్వఖండంలో మానవాయువును పదేసి ఏళ్ల భాగాలుగా విభజించి, ఒక్కొక్క దశకంలో ఒక్కొక్క గుణం క్షీణించునని చెప్పబడింది. బాల్యం, వృద్ధి, ఛవి అనేవి మొదటి మూడు దశకాలలో తరుగుతాయి. నాలుగవ దశకంలో మేధ, ఐదవదానిలో చర్మపు నిగారింపు, ఆరవదానిలో దృష్టి, ఏడవదానిలో శుక్రం, ఎనిమిదవదానిలో విక్రమం, తొమ్మిదవదానిలో బుద్ధి, ఆ పిమ్మట కర్మేంద్రియాలు, చేతస్సు, చివరకు జీవితం క్షయిస్తాయి.

ఈ క్రమంలో గమనింపదగినది ఒకటున్నది. మేధాక్షయానికి గ్రంథకర్త నిర్దేశించిన కాలం నలుబదికి లోపలిది. బుద్ధిక్షయానికి చెప్పినది ఎనుబది దాటిన తరువాతిది. ఈ రెంటికీ నడుమ అరశతాబ్ది ఉన్నది. ఇది ప్రయోగశాలలో తేలిన లెక్క కాదు, దానిని అక్షరశః తీసుకొనవలసిన పనీ లేదు. అయినా క్షయం ముసలితనంలో ఒక్కసారిగా వచ్చిపడదనీ, నడివయసులోనే లోలోపల మొదలవుతుందనీ చెప్పే ఆ దృష్టి విలువైనది. ఆల్జీమర్ వ్యాధిలో మాంసకృత్తుల పోగు, పైకి లక్షణాలు కనిపించడానికి ఇంచుమించు ఇరువది ఏళ్లకు ముందే ఆరంభమవుతుందని నేటి పరిశోధన. డెబ్బదవ ఏట మరపు కనిపించిన వానికి వ్యాధి ఏబదవ ఏటనే అంకురించి ఉండవచ్చు.

లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో ఇచ్చిన నివేదిక ఈ విషయాన్ని బలపరుస్తున్నది. స్మృతిభ్రంశానికి దోహదం చేసే, మార్చుకొనదగిన 14 కారణాలను అది గుర్తించింది. చిన్ననాట చదువు లేకపోవడం. నడివయసులో వినికిడి లోపం, చెడు కొలెస్టరాల్, మనోవ్యాకులత, తలకు గాయాలు, వ్యాయామలోపం, మధుమేహం, పొగత్రాగడం, రక్తపోటు, స్థూలకాయం, అతిగా మద్యపానం. వార్ధకంలో ఏకాకితనం, వాయుకాలుష్యం, చికిత్స చేయించుకొనని దృష్టిలోపం అనేవి ఆ పదునాలుగు. వీటినన్నింటినీ తొలగించగలిగితే సుమారు 45 శాతం స్మృతిభ్రంశాన్ని నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని ఆ సంఘం అంచనా. ఇది సమాజం మొత్తానికి చెప్పిన లెక్కయే గాని, ఒక వ్యక్తికి ఇచ్చిన హామీ కాదు. మిగిలిన సగానికి పైబడిన భాగం వయసు, వంశం, ఇంకా తెలియని కారణాల పాలు. పదునాలుగింటిలో పది నడివయసుకు చెందినవి కావడం మాత్రం మరువరానిది. కనుక స్మృతిరక్షణ ముసలితనంలో పుచ్చుకొనే మందు కాదు. నడివయసులో అలవరచుకొనే దినచర్య.

5. మెట్టసీమ ఆహారం

మెట్టసీమలో జొన్న ఒకనాటి ప్రధానాహారం. జొన్నన్నం, జొన్నరొట్టె, సంకటి, వానికి తోడు కంది, పెసర, మినుము, వేరుసెనగ, నువ్వులు, చేలగట్ల మీది ఆకుకూరలు, గోంగూర, మునగాకు, పలుచని మజ్జిగ. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరం నుండి 1967లో కాలువలకు నీరు వదలబడింది. ఎడమ కాలువ నీటితో మెట్ట భూములలో కొంత భాగం మాగాణిగా మారింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం రాష్ట్రమంతటా అమలైంది. ఆకలి తీర్చిన పథకంగా దాని మేలు ఎన్నదగినది. అయితే తెల్లని బియ్యం కంచంలో పెరిగి, జొన్నతో పాటు పప్పు, ఆకుకూరల పాలు తగ్గడం ఆ మేలు వెంట వచ్చిన మార్పు. ఒంటిపని తగ్గినచోట ఇదే ఆహారం మధుమేహానికి, స్థూలకాయానికి దారితీస్తుంది. ఈ రెండూ పైన చెప్పిన పదునాలుగు కారణాలలోనివే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకాలలో ధాన్యాల నుండి లభించే శక్తి మొత్తంలో 45 శాతానికి మించరాదనీ, మిగిలినది పప్పులు, కూరగాయలు, పండ్లు, పాలు, గింజల వంటి వాని నుండి రావాలనీ చెప్పబడింది. దీనిని గరికపాడు వంటింటి భాషలో చెప్పుకొంటే, కంచంలో అన్నం కొండలా, కూర నంజుడులా ఉండే పద్ధతి మారాలని అర్థం. పొట్టు తీయని జొన్నలో పీచు అధికం. రక్తంలో చక్కెర మెల్లగా పెరుగుతుంది. అంతమాత్రాన జొన్న మతిమరుపునకు మందని చెప్పరాదు. మధుమేహాన్ని అదుపులో పెట్టే ఆహారంలో అది ఒక మంచి భాగం; మధుమేహాన్ని అదుపులో పెట్టడం మెదడునకు మేలు. వాదం ఇంతవరకే సాగాలి.

పాశ్చాత్య దేశాలలో మెదడు ఆరోగ్యానికై 'మైండ్' అనే ఆహారపద్ధతి ప్రతిపాదింపబడింది. ఆకుకూరలు, పప్పులు, గింజలు, పొట్టు తీయని ధాన్యాలు, చేపలు అందులో ముఖ్యం. వెన్న, వేపుళ్లు, తీపి పదార్థాలు తగ్గించాలని నియమం. దీనిని పాటించినవారిలో స్మృతిభ్రంశం తక్కువని 2015 నాటి పరిశీలన చెప్పింది. కాని 604 మందిని రెండు వర్గాలుగా చేసి మూడేళ్లు జరిపిన ప్రయోగంలో, ఆ ఆహారం తిన్నవారికీ ఇతరులకూ చెప్పుకోదగిన భేదం కనిపించలేదని 2023లో వెల్లడైంది. ఇరువర్గాలవారూ మితంగా భుజించడం, మూడేళ్ల గడువు స్వల్పం కావడం అందుకు కారణాలు కావచ్చు. ఏమైనా ఆహారం ఒక్కటే స్మృతిని కాపాడునని గట్టిగా చెప్పడానికి నేడు ఆధారం లేదు. మెట్టసీమ పాత భోజనం ఆ పద్ధతికి చాలా దగ్గరగా ఉన్నదనీ, దానికై దూరదేశపు నూనెలు, పండ్లు కొనవలసిన అవసరం లేదనీ చెప్పడం మాత్రం యుక్తమే.

విటమిన్ బి12 విషయంలో శాకాహార కుటుంబాలు మెలకువగా ఉండాలి. ఇది మొక్కల నుండి లభించదు. పాలు, పెరుగు, గుడ్లు, మాంసం, చేపల నుండి వస్తుంది. వయసు పెరిగినకొద్దీ జీర్ణాశయం దానిని గ్రహించే శక్తి తగ్గవచ్చు. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్ల తరబడి వాడేవారిలో కూడ ఈ లోపం ఏర్పడవచ్చు. పలుచని మజ్జిగతో, పచ్చడి మెతుకులతో పూట గడిపే ఒంటరి వృద్ధులకు రక్తపరీక్ష చేయించడం అవసరం. లోపం లేనివారు విటమిన్ మాత్రలు మింగినందువలన స్మృతికి ప్రయోజనం లేదు. స్మృతిభ్రంశ నివారణకై బి, ఇ విటమిన్లను ఔషధంగా సిఫారసు చేయరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

6. లవణవిచారం

చరకసంహిత విమానస్థాన ప్రథమాధ్యాయంలో అతిగా ఉపయోగింపరాని ద్రవ్యాలు మూడని చెప్పబడింది: పిప్పలి, క్షారం, లవణం. ఉప్పు రుచికరమే అయినా అలవాటుగా అతిగా తినేవారికి కలిగే దోషాలను గ్రంథకర్త అక్కడ వివరించాడు. రక్తపోటు అనే భావన ఆనాడు లేదు. అయినా హెచ్చరిక నేటికీ సరిపోయేదిగా ఉన్నది.

దినానికి 5 గ్రాముల ఉప్పు, అనగా ఒక చిన్న చెంచాడు, మించరాదని నేటి వైద్యుల నిర్దేశం. ఆవకాయ, గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు, అప్పడాలు పూటపూటా ఉండే విస్తరిలో ఈ హద్దు దాటడం సులభం. మిరపపంటకు పేరుపడిన సీమలో ఊరగాయను మానుమని చెప్పడం వ్యర్థోపదేశమే అవుతుంది. ముద్దముద్దకూ కలిపే ఊరగాయ వేలితో నంజుకొనేంతకు తగ్గడం, మజ్జిగలో ఉప్పు వేయకపోవడం, అన్నంలో ఉప్పు కలిపే అలవాటు మానడం మాత్రం ఆచరణసాధ్యమైనవి. నలుబది ఏళ్లు దాటినవారు ఏటా రక్తపోటు చూపించుకొనడం, మందు వ్రాసియిచ్చినప్పుడు 'బాగానే ఉన్నది గదా' అని మధ్యలో ఆపకపోవడం అంతకంటె ముఖ్యం. అమెరికాలో జరిగిన ఒక పెద్ద ప్రయోగంలో రక్తపోటును మరింత కట్టుదిట్టంగా అదుపు చేసినవారిలో, స్మృతిభ్రంశానికి ముందు మెట్టు అయిన స్వల్ప జ్ఞానలోపం 19 శాతం తగ్గినట్లు 2019లో తేలింది.

7. మేధ్యరసాయనాలు

చరకుడు చికిత్సాస్థానంలో నాలుగు మేధ్యరసాయనాలను ప్రత్యేకించి పేర్కొన్నాడు: మండూకపర్ణీ స్వరసం, పాలతో యష్టిమధు చూర్ణం, గుడూచీ రసం, శంఖపుష్పీ కల్కం. మండూకపర్ణి తెలుగునాట సరస్వతి ఆకుగా ప్రసిద్ధం. దీనినీ, నీటి ఒడ్డున పెరిగే బ్రాహ్మినీ ఒకటిగా భావించడం ప్రాంతాలవారీగా కానవస్తుంది. ఒకే నామం రెండు మొక్కలకు చెల్లడం వలన ఒకదానిపై జరిగిన పరిశోధనను వేరొకదానికి అంటగట్టే ప్రమాదమున్నది. నిఘంటువులను పరిష్కరించే ప్రాచ్యభాషాపండితులు ఇక్కడ వైద్యశాస్త్రానికి ఉపకరింపగలరు.

బ్రాహ్మిపై జరిగిన చిన్న ప్రయోగాలు కొన్నింటిలో జ్ఞప్తికి తెచ్చుకొనే శక్తి కొంత మెరుగుపడినట్లు కనిపించింది. కాని ఏ మూలిక గాని స్మృతిభ్రంశాన్ని నివారించినట్లు ఇంతవరకు నిరూపింపబడలేదు. పసుపు విషయమూ అంతే. రసాయనప్రకరణంలోనే చరకుడు సత్యవాదిత్వం, అక్రోధం, మితనిద్రాజాగరణాలు మొదలగు సద్వర్తనను రసాయనతుల్యంగా చెప్పి ఆచారరసాయనాన్ని ప్రతిపాదించాడు. మూలికను మాత్రం తీసుకొని ఆచారాన్ని వదలడం శాస్త్రాన్ని సగం చదవడమే. అంగడిలో అమ్మే 'మేధావర్ధక' గుళికలను నమ్మి రక్తపోటు మాత్రలను మానివేయడం ప్రజ్ఞాపరాధానికి నేటి ఉదాహరణ.

8. వ్యాయామం, నిద్ర, శిరోరక్షణ

వ్యాయామం శక్తిలో సగానికి చేయాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో విధించాడు. వారానికి కనీసం 150 నిమిషాలు వడిగా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మిరప కోతలకు, పత్తి తీతకు పోయే కూలీ స్త్రీకి ఈ ఉపదేశం అక్కరలేదు. ఆమెకు కావలసినవి పోషకాహారం, విశ్రాంతి. కొట్టులో కూర్చుండే వర్తకునికి, బడిలో కూర్చుండి చెప్పే ఉపాధ్యాయునికి, యంత్రాలు వచ్చి ఒంటిపని తగ్గిన రైతుకు ఇది అవసరం.

నిద్ర సంగతి కూడ నడివయసుకు చెందినదే. ఏబది, అరువది ఏళ్ల వయసులో రాత్రికి ఆరు గంటలు గాని అంతకు తక్కువ గాని నిద్రించేవారిలో స్మృతిభ్రంశం సుమారు 30 శాతం అధికంగా కనిపించినట్లు బ్రిటనులో దీర్ఘకాలం సాగిన అధ్యయనం 2021లో తెలిపింది. నిద్రలేమి కారణమా, రాబోయే వ్యాధికి తొలి సూచనయా అన్నది ఇంకా విచార్యం.

తలకు తగిలే గాయం స్మృతిభ్రంశ కారణాలలో ఒకటి కావడం చాలమందికి తెలియదు. 65వ జాతీయ రహదారిపై గరికపాడు, జగ్గయ్యపేట, నందిగామల నడుమ ద్విచక్రవాహనాలపై పోయే యువకులకు శిరస్త్రాణం నేటి ప్రాణరక్షణ మాత్రమే కాదు, నలుబది ఏళ్ల తరువాతి స్మృతిరక్షణ కూడ. చుట్ట, బీడీ మానడం, కట్టెల పొయ్యి పొగకు వంటింట దారి చూపడం కూడ ఈ కోవలోనివే.

9. పునఃశ్రుతం

లాన్సెట్ నివేదికలో అన్నింటికంటె పెద్ద పాలు వహించినవి రెండు: చెడు కొలెస్టరాల్, వినికిడి లోపం. ఒక్కొక్కదాని పాలు సుమారు 7 శాతం. వినికిడి తగ్గినవాడు సంభాషణ నుండి మెల్లగా తప్పుకొంటాడు. మెదడునకు శబ్దం చేరదు. మనుష్యుల సాంగత్యమూ తగ్గుతుంది. చరకుడు చెప్పిన పునఃశ్రుతం ఇచ్చట తెగిపోతుంది. 2023లో ప్రకటితమైన అమెరికా ప్రయోగంలో 70 నుండి 84 ఏళ్ల వయసుగల 977 మందిపై వినికిడి యంత్రాల ప్రభావం పరీక్షింపబడింది. మొత్తం మీద భేదం కనిపించలేదు. ముప్పు అధికంగా ఉన్న వర్గంలో మాత్రం జ్ఞానశక్తి తరుగుదల మూడేళ్లలో 48 శాతం మందగించింది. తెలుగునాట కళ్లజోడు గౌరవచిహ్నం, చెవియంత్రం అవమానచిహ్నం. ఈ భావన మారవలసి ఉన్నది. శుక్లాల శస్త్రచికిత్సను 'ఈ వయసులో ఎందుకు' అని వాయిదా వేయడమూ అటువంటిదే.

పిల్లలు హైదరాబాదుకో విదేశాలకో పోగా, పెద్దలు మాత్రమే మిగిలిన ఇళ్లు పల్లెలలో పెరుగుతున్నాయి. రామాలయంలో భజన, పురాణకాలక్షేపం, రచ్చబండ మీది ముచ్చట్లు ఒకప్పుడు వృద్ధులకు సాంగత్యాన్ని సమకూర్చాయి. పురాణం వినేవాడు తెలిసిన కథనే మరల వింటాడు, ముందు రాబోయేదానిని తలచుకొంటాడు, ప్రక్కవానితో చర్చిస్తాడు. వినికిడి, ధారణ, సాంగత్యం మూడూ అందులో ఉన్నాయి. దూరదర్శిని ఎదుట ఒంటరిగా కూర్చుండడంలో ఇవి లేవు.

10. ధారణ, భాషాద్వయం

స్మృతిని గూర్చి తెలుగునేల అందించిన అత్యంత విలువైన ఆధునిక పరిశోధన భాషకు సంబంధించినది కావడం ప్రాచ్యకళాశాలలకు ప్రత్యేకంగా ఆసక్తికరం. హైదరాబాదు నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది స్మృతిభ్రంశ రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 391 మంది రెండు గాని అంతకంటె ఎక్కువ గాని భాషలు మాట్లాడేవారు. ఏకభాషీయుల కంటె వీరిలో వ్యాధి సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా కనిపించింది. అక్షరజ్ఞానం లేని ద్విభాషీయులలో సైతం సుమారు ఆరేళ్ల ఆలస్యం కానవచ్చింది. కాబట్టి ఇది కేవలం చదువు వలన కలిగిన ఫలం కాదు. మూడవ భాష వలన అదనపు లాభం మాత్రం కనిపించలేదు. 608 మంది పక్షవాత రోగులపై 2016లో వెలువడిన వారి మరొక అధ్యయనంలో ద్విభాషీయులలో 40.5 శాతం మంది జ్ఞానశక్తి చెడకుండా ఉండగా, ఏకభాషీయులలో 19.6 శాతమే అట్లున్నారు.

రెండు భాషల నడుమ అనుక్షణం ఎన్నిక చేసుకొనే మెదడునకు ఒక విధమైన నిల్వశక్తి సమకూరుతుందని శాస్త్రజ్ఞుల ఊహ. ఈ నిల్వశక్తిని గరికపాడు పేరులోని గరికతో పోల్చి చెప్పవచ్చు. వేసవిలో పైపచ్చ మాడినా నేలలోని కాండం బ్రతికే ఉండి తొలకరికి చిగురిస్తుంది. వ్యాధి రాదని కాదు. వచ్చినా తట్టుకొనే బలం లోపల ఉంటుందని భావం.

2016లోనే వెలువడిన వేరొక అధ్యయనంలో 21 మంది వేదపండితుల మెదళ్లను చిత్రించి చూడగా, భాషకు, స్మృతికి సంబంధించిన భాగాలు ఇతరులలో కంటె పరిపుష్టంగా ఉన్నట్లు తేలింది. దీనిని బట్టి వేదాధ్యయనం గాని అవధానం గాని స్మృతిభ్రంశాన్ని ఆపునని సిద్ధాంతీకరించడం తొందరపాటు. ఆ అధ్యయనం మెదడు నిర్మాణాన్ని చూచిందే గాని, వారి వార్ధకాన్ని చూడలేదు. హైదరాబాదు అధ్యయనాలు సైతం పరిశీలనలే గాని ప్రయోగాలు కావు. సంస్కృతంపై గల అభిమానం సాక్ష్యానికి మించిన మాట పలికించరాదు. ఏ వయసులోనైనా క్రొత్త భాష, క్రొత్త విద్య అభ్యసించడం హితమని చెప్పడానికి మాత్రం అడ్డు లేదు.

11. సముదాయ ప్రయోగాలు

ఒక్కొక్క ఉపాయం విడిగా అంతగా ఫలించనప్పుడు అన్నింటినీ కలిపి ఆచరిస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు ఫిన్లండు దేశం సమాధానం వెదకింది. 60 నుండి 77 ఏళ్ల వయసుగల 1260 మందిపై రెండేళ్లు జరిగిన ప్రయోగంలో సమతులాహారం, వ్యాయామం, బుద్ధికి అభ్యాసం, రక్తపోటు మొదలగువాని పర్యవేక్షణ ఒక్కటిగా అమలు చేయబడ్డాయి. 2015లో ప్రకటితమైన ఫలితాలలో వీరి జ్ఞానశక్తి ఇతరుల కంటె 25 శాతం అధికంగా మెరుగుపడింది. అమెరికాలో 2111 మందిపై జరిగి 2025లో వెలువడిన ఇటువంటి ప్రయోగంలో, తమంతట తాము ఆచరించినవారూ మెరుగైనారు. కలిసి, క్రమబద్ధంగా, పర్యవేక్షణతో ఆచరించినవారు మరికొంత మెరుగైనారు. ఇవి జ్ఞానశక్తిని కొలిచినవి; స్మృతిభ్రంశం ఎందరిలో ఆగిందో తేల్చడానికి ఇంకా కాలం పడుతుంది. అయినా ఆహారం, విహారం, ఆచారం వేర్వేరు కావన్న ఆయుర్వేద దృష్టికి ఇవి సన్నిహితంగా ఉన్నాయి.

గరికపాడు వంటి గ్రామంలో ఈ పద్ధతికి కావలసిన అంగాలు విడివిడిగా ఉన్నవే. కృషి విజ్ఞాన కేంద్రాల కార్యక్రమాలలో గృహవిజ్ఞానం ఒక భాగం. రక్తపోటు, చక్కెర పరీక్షలకు ప్రాథమిక ఆరోగ్య వ్యవస్థ ఉన్నది. సాయంకాలపు నడకకు చేలదారులు, కాలక్షేపానికి దేవాలయ మంటపం ఉన్నాయి. వీటిని కలిపేవారు కావాలి. ఉపాధ్యాయులు ఆ పనికి తగినవారు.

12. ఉపసంహారం

పై చర్చ వలన తేలిన అంశాలు నాలుగు. స్మృతిభ్రంశం వార్ధకసహజమైన చాదస్తం కాదు, వ్యాధి. దాని బీజం నడివయసులోనే పడుతుంది గనుక రక్షణ కూడ అప్పుడే ఆరంభం కావాలి. ఏ ఒక్క మూలిక, ఆహారం, అధ్యయనం స్మృతిని కాపాడజాలవు. రక్తపోటు, మధుమేహాల అదుపు, మితలవణం, సమతులాహారం, నడక, నిద్ర, వినికిడి, సాంగత్యం, విద్యాభ్యాసం కలిసి ముప్పును తగ్గించవచ్చు. చివరిగా, ఆడపిల్లను బడికి పంపడం కూడ స్మృతిరక్షణయే. చిన్ననాటి చదువు అరువది ఏళ్ల తరువాత ఆమెకు అండగా నిలుస్తుంది.

ఇన్ని చేసినా కొందరికి వ్యాధి వస్తుంది. అప్పుడు వారికి కావలసినది కసరు కాదు, ఓర్పు. అడిగినదే అడిగినప్పుడు మరల ఒకసారి చెప్పడం కూడ పునఃశ్రుతమే. చిన్ననాడు తమకు అక్షరాలను నూరుసార్లు చెప్పినవారికి ఆ మాట మరొకసారి చెప్పడం సంతానానికి భారం కారాదు.